కార్డుకు పని అప్పగించే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు. రాయగడలో మీ ఆఫీసు సర్వర్ మీద ఆరు వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు) ఉన్నాయనీ, రాత్రి బ్యాకప్ మొదలవగానే ప్రాసెసర్‌కు నెట్‌వర్క్ పనే సరిపోతోందనీ రాశావు. ఆ పనిని నెట్‌వర్క్ కార్డుకు అప్పగించాలన్న నీ ఆలోచన మంచిదే. తొందర మాత్రం పడకు.

ముందు భారం ఎక్కడుందో చూసుకో. రాయగడ స్టేషన్‌లో దిగిన ప్రతి పార్సిల్‌నీ స్టేషన్ మాస్టరే విప్పి చూసి మోసుకెళ్లి ఇస్తే ఇక రైళ్లను చూసేదెవరు? ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, మెషీన్లకు పంచే సాఫ్ట్‌వేర్ స్విచ్ ఉన్నచోట ప్రాసెసర్‌కు అదే గతి. 10 గిగాబిట్ల లైను నిండా 1500 బైట్ల ప్యాకెట్లు వస్తే సెకనుకు 8 లక్షలు దాటుతాయి. బ్యాకప్ నడుస్తుండగా ప్రాసెసర్ వాడకాన్ని చూపే టాప్ తెరిచి, ‘ఎస్‌ఐ’ అంకెనూ (నెట్‌వర్క్ లాంటి పనులకు పోయే సమయం) వీహోస్ట్ థ్రెడ్ల (మెషీన్లకు ప్యాకెట్లు చేరవేసేవి) వాడకాన్నీ రాసి పెట్టుకో.

ఆ తర్వాత కార్డు సెట్టింగులు చూపే ఎథ్‌టూల్‌తో చెక్‌సమ్ (ప్యాకెట్ చెడిందేమో చూసే లెక్క), టీఎస్‌ఓ కార్డులో ఆన్‌లో ఉన్నాయేమో చూడు. టీఎస్‌ఓ ఉంటే 64 కిలోబైట్ల దాకా ఒకే ముద్దగా కార్డుకు వెళ్తుంది, ముక్కలు చేసుకోవడం దాని పని. ఎవరో ఎప్పుడో ఆపేసి మర్చిపోయిన సర్వర్లు చాలా చూశాను. కొన్నిసార్లు దీంతోనే గండం గట్టెక్కుతుంది.

అప్పటికీ చాలకపోతే ఎస్‌ఆర్‌-ఐఓవీ. ఒకే కార్డు చాలా చిన్న కార్డుల్లా కనబడుతుంది, వాటినే వీఎఫ్‌లంటాం. బయోస్‌లో (సర్వర్ తొలి సెట్టింగుల్లో) వీటీ-డీ, అంటే పరికరాన్ని మెషీన్‌కు నేరుగా ఇవ్వనిచ్చే సదుపాయం, ఆన్ చేసి ఒక వీఎఫ్‌ను మెషీన్‌కు నేరుగా ఇస్తే, ప్యాకెట్ హోస్ట్ (అసలు సర్వర్) స్విచ్‌ను ముట్టుకోకుండా దాని మెమరీలోకే వెళ్తుంది. కానీ ఆరింటికీ ఇవ్వకు, బ్యాకప్ మెషీన్‌కు చాలు. ఆ దారిన పోయే ప్యాకెట్లు ప్యాకెట్లను పట్టి చూపే, హోస్ట్‌లోని టీసీపీడంప్‌కు కనబడవు. హోస్ట్ మీద నువ్వు రాసిన ఫైర్‌వాల్ నియమాలూ వాటికి వర్తించవు. పైగా రెండో సర్వర్ వస్తోందన్నావు కదా, వీఎఫ్ తగిలించిన మెషీన్‌ను నడుస్తుండగా అటు మార్చడం కష్టం. అందుకని దానికి విర్టియో కార్డు (సాఫ్ట్‌వేర్ కార్డు) కూడా ఉంచి, లోపల రెండింటినీ బాండ్ చెయ్యి, అంటే ఒకే కార్డులా కలుపు. మార్చే ముందు వీఎఫ్ తీసేస్తే విర్టియో మీద నడుస్తుంది.

నేను పడ్డ పాటు నువ్వు పడకూడదు. ఒక ఆఫీసులో వీఎఫ్‌లు చేత్తో సృష్టించి అలాగే వదిలేశాను. ఓ గాలివాన రాత్రి కరెంటు పోయింది. సర్వర్ మళ్లీ లేచింది కానీ వీఎఫ్‌లు లేవు, డేటాబేస్ మెషీన్ లేవనే లేదు. మళ్లీ సృష్టిస్తే మ్యాక్ అడ్రసులు (కార్డుల గుర్తింపు సంఖ్యలు) మారిపోయి, ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ కొత్తవి ఇచ్చింది. తెల్లారేదాకా ఒకటే టెన్షన్. వీఎఫ్‌ల సంఖ్యను బూట్‌లోనే పెట్టు, మ్యాక్‌లు హోస్ట్ నుంచి ఖాయం చెయ్యి. చేశాక ఒకసారి నువ్వే రీస్టార్ట్ చేసి చూడు.

ఈ పని ఆదివారం పగలు పెట్టుకో. రాత్రి బ్యాకప్ అయ్యాక పాత అంకెలూ కొత్త అంకెలూ పక్కపక్కన రాసి పంపు, చూసి ఫోన్ చేస్తాను.

మీ మావయ్య