కర్ర ఓడ కట్టేవారి ప్రశ్నలు, మా జవాబులు

కిట్‌తో తెరచాప ఓడ నమూనాలు కట్టుకునే పాఠకులు పంపిన ప్రశ్నలలో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. సగానికి పైగా ఉత్తరాలు ఓడ పక్కలకు బద్దలు వేయడం గురించే వచ్చాయి కనుక ఆ జవాబు మిగతావాటి కంటే పెద్దదయింది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసి ఏడాది అయింది. విదేశంలో ఉన్న మా అబ్బాయి కిందటి నెల వస్తూ హెచ్.ఎం.ఎస్. విక్టరీ ఓడ కిట్ తెచ్చి ఇచ్చాడు. పెట్టె తెరిస్తే వందల కొద్దీ కర్ర బద్దలు, దారపు ఉండలు, ఇత్తడి ముక్కలు కనిపించాయి. చెక్కపని అంటే కుర్చీ కాలు బిగించడం తప్ప నాకేమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పెట్టె మూసి బీరువాలో పెట్టి, ముందు ఒక చిన్న పడవ కట్టండి. మీ అబ్బాయి నొచ్చుకుంటాడేమో గానీ, అతని కానుక దక్కే దారి ఇదే. విక్టరీ 1765లో ఇంగ్లండులోని చాథమ్ రేవులో నీటిలోకి దిగిన యుద్ధనౌక. మూడు అంతస్తుల ఫిరంగులతో 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ నడిపించిన ఓడ. నేటికీ పోర్ట్స్‌మత్‌లో నిలిచి ఉంది. దాని ఫిరంగుల అంతస్తు పొడవు 186 అడుగులు. మీ కిట్ 1:98 కొలతలో, అంటే అసలు ఓడలో 98వ వంతుగా, ఉన్నదైతే అది 23 అంగుళాలకు కుదించుకుపోతుంది. అంటే నిజమైన ఓడలో మనిషి చేతి మందాన ఉండే మోకు మీ చేతికి కుట్టుదారంగా వస్తుంది. వందకు పైగా ఫిరంగులు, వాటి కిటికీలు, మూడు తెరచాప స్తంభాల తాళ్లు ఆ కొలతలో అమర్చడానికి అలవాటైన చేతికే రెండు మూడేళ్లు పట్టడం మామూలు. మొదటిసారి పట్టుకున్నవారు సాధారణంగా ఆరో నెలలో, ఓడ పక్కలు సగం కప్పిన దశలో విసిగి వదిలేస్తారు.

మోడల్ షిప్‌వేస్ సంస్థ నార్వే తెరచాప పడవను 1:12 కొలతలో, లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలు పట్టే ఒంటి స్తంభపు పడవను 1:24 కొలతలో కొత్తవారి కోసమే తయారు చేస్తుంది. ఆర్టెసానియా లాటినా వారి స్విఫ్ట్ అనే రెండు స్తంభాల పడవ, 1:50 కొలతలో, ఆ తరువాతి మెట్టుగా బాగుంటుంది. కొలత పెద్దదైన కొద్దీ ముక్కలు వేళ్లకు అందుతాయి, తప్పు కంటికి ఆనుతుంది. చిన్న పడవ ఏదైనా సరే, పలకల నుంచి ముక్కలను ఊడదీయకముందే పటంలో ఉన్న నంబరును ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో రాసుకోండి. ఓడ వెన్నుకు, అంటే అడుగున పొడవునా సాగే దూలానికి, అడ్డంగా గుచ్చే ఒక అడ్డుపలకకూ దాని పక్కదానికీ తేడా రెండు మిల్లీమీటర్లే ఉంటుంది. ఊడదీశాక ఏది ఏదో తేల్చుకోవడం కష్టం.

ప్రశ్న: రెండు స్తంభాల ఓడ కిట్‌లో మొదటి వరస బద్దలు వేస్తున్నాను. మధ్యలో చక్కగా కూర్చుంటున్నాయి. ముందు వైపుకు వచ్చేసరికి ప్రతి బద్దా ఒక అంచున పైకి లేస్తోంది, మేకు కొడితే చీలుతోంది. నీళ్లలో ఇంకా ఎక్కువసేపు నానబెట్టాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: లోపం నానబెట్టడంలో లేదు. బద్ద వేయడానికి ముందు చేయవలసిన రెండు పనులు జరగకపోవడం వల్ల ఇలా అవుతుంది. కిట్‌ల పటాలలో ఈ రెండు పనులకూ కలిపి ఒక చిన్న బొమ్మ వేసి ఊరుకుంటారు కనుక మీ తప్పు కూడా అనలేము.

మొదటిది అడ్డుపలకల అంచులను వాలుగా అరగదీయడం. ఓడ వెన్నుకు అడ్డంగా గుచ్చిన పలకల అంచులు కోసినప్పుడు నిలువుగా, చదరంగా ఉంటాయి. ఓడ ముందుకు పోయే కొద్దీ సన్నబడుతుంది కనుక బద్ద ఆ అంచును ఏటవాలుగా తాకాలి. అంచు చదరంగానే ఉంటే బద్ద దాని మూల మీద మాత్రమే ఆనుతుంది, జిగురుకు పట్టు దొరకదు. ఒక చదునైన చెక్కకు 120 నంబరు ఉప్పుకాగితం అంటించి, రెండు మూడు పలకలను కలుపుకుంటూ ముందు నుంచి వెనక్కు పొడవుగా రుద్దండి. విడిగా ఒక్కొక్క పలకనూ రుద్దితే అన్నీ తలో దారి పోతాయి. మధ్యమధ్యలో ఒక బద్దను జిగురు లేకుండా పక్కకు ఆనించి చూడండి: ప్రతి పలక మీదా అది వెడల్పంతా ఆనాలి, ఎక్కడా వెలుతురు కనిపించకూడదు. ఒక చోట పలక లోపలికి పోయి ఉంటే అక్కడ పలుచని బద్ద ముక్క అంటించి మళ్లీ అరగదీయవచ్చు. ముక్కు దగ్గర మొదటి రెండు పలకల మధ్య ఖాళీని మెత్తని బాల్సా కర్ర దిమ్మలతో నింపి వంపు చెక్కుకుంటే అసలు కష్టం సగం తీరుతుంది. ఈ పనికి రెండు మూడు సాయంత్రాలు పోతే పోనివ్వండి.

రెండవది బద్దను సన్నగించడం. బద్ద తన వెడల్పు మీద, అంటే తాటాకు ముడిచినట్టు, ఎంతైనా వంగుతుంది. అంచు మీద, అంటే నేల మీద పడుకున్న స్కేలును పక్కకు వంచినట్టు, వంగమంటే వంగదు. ముక్కు దగ్గర మీరు దానిని ఈ రెండో విధంగా వంచుతున్నారు, అది ఒక అంచు లేపి ఎదురుతిరుగుతోంది. ఇలా కొలుచుకోండి. ఓడ మధ్య పలక మీద, పై అంచు నుంచి వెన్ను దాకా వంపు వెంబడి ఒక కాగితపు పట్టీ ఆనించి గుర్తు పెడితే 90 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బద్ద వెడల్పు 5 మిల్లీమీటర్లు కనుక అక్కడ 18 బద్దలు పడతాయి. అదే పట్టీని ముక్కు దగ్గరి పలక మీద ఆనిస్తే 54 వచ్చిందనుకుంటే, ఆ 18 బద్దలూ అక్కడ కూడా సర్దుకోవాలంటే ఒక్కొక్కటి 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. లోహపు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో ముందు భాగాన్ని అంతకు కోసి, చిన్న చిత్రికతో గానీ ఉప్పుకాగితంతో గానీ నునుపు చేయండి. ముక్కు దగ్గర 54కు బదులు 40 మాత్రమే వస్తే లెక్క 2.2 అవుతుంది. బద్దను సగం వెడల్పు కంటే సన్నగా చేయకూడదన్నది పాతకాలపు ఓడల వడ్రంగుల పద్ధతి. అలా చేస్తే నిజమైన ఓడలో మేకుకు చోటుండదు, నమూనాలో చూపుకు ఆగదు. అప్పుడు, ఒక్కొక్కటి 2.5 మిల్లీమీటర్ల లెక్కన, 16 బద్దలను మాత్రమే ముక్కు దాకా తీసుకువెళ్లి, మిగతా రెండింటిని ముక్కు చేరకముందే పక్క బద్దలో గుచ్చి ఆపాలి. వెనుక వైపు సాధారణంగా దీనికి వ్యతిరేకంగా ఖాళీ మిగులుతుంది. అక్కడ ముక్కోణపు చీలికలు వేసి పూడ్చండి.

ఇవి జరిగాక నానబెట్టే సంగతి చిన్నది. ఒకటిన్నర మిల్లీమీటరు మందమున్న బద్దకు వేడినీళ్లలో పావుగంట చాలు. దానిని వంపు మీద బట్టల క్లిప్పులతో బిగించి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు జిగురు పెట్టండి. తడి బద్దను అలాగే అంటిస్తే ఆరి కుంచించుకుపోయి బద్దకూ బద్దకూ మధ్య సందు తెరుచుకుంటుంది. మేకు చీలకుండా ముందుగా సన్న డ్రిల్‌తో రంధ్రం చేసుకోండి, ఆరిన తరువాత మేకును పీకేయండి.

కుడి పక్క ఒక బద్ద వేస్తే వెంటనే ఎడమ పక్క ఒకటి వేయాలన్నది మరవవద్దు. నా మొదటి ఓడకు ఉత్సాహం కొద్దీ కుడి పక్కంతా ఒకేసారి కప్పేశాను. ఆరేసరికి వెన్ను అరటికాయలా వంగి, ముక్కు దూలం కిటికీ వైపు చూడసాగింది. ఆ ఓడ నేటికీ మా అలమరలో గోడ వైపు తిరిగి ఉంటుంది.

ప్రశ్న: ఏ జిగురు వాడాలి? తక్షణం అంటుకునేది వాడితే పని త్వరగా అవుతుంది కదా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కర్రకు కర్ర అంటించడానికి ఫెవికాల్ వంటి తెల్ల జిగురు. ఫెవిక్విక్ వంటిది పైకి ఉబికితే కర్ర నారలోకి ఇంకి, ఆ చోట తరువాత వార్నిష్ పట్టదు, మచ్చ మిగులుతుంది. పైవరసలో వేసే అర మిల్లీమీటరు అక్రోటు బద్దల మీద ఈ మచ్చలు మరీ కనిపిస్తాయి. ఇత్తడి ముక్కను కర్రకు అంటించడానికీ, దారపు ముడి కొసను ఆపడానికీ మాత్రం సూదిమొనతో ఒక చుక్క వాడవచ్చు. ఉబికిన తెల్ల జిగురును ఆరకముందే తడి కుంచెతో తుడిచేయండి.

ప్రశ్న: వేసవిలో బిగువుగా కట్టిన తాళ్లు వానాకాలం వచ్చేసరికి కొన్ని వేలాడాయి, కొన్ని బిగిసి స్తంభాన్ని పక్కకు లాగాయి. సముద్రం పక్కన ఉండేవాళ్లం ఈ పని మానుకోవలసిందేనా? తాళ్ల నిచ్చెనలు కట్టే పద్ధతి కూడా చెప్పండి.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మానుకోనక్కరలేదు. గాలిలో తేమ హెచ్చితే నూలు దారం నీటిని పీల్చుకుని పొడవు మారుతుంది, కర్ర కూడా నారకు అడ్డంగా ఉబ్బుతుంది. నూలుకు బదులు మెరుపు లేని పాలియెస్టర్ దారం వాడితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. స్తంభాలు, పక్కలు, అడుగుభాగం అన్నింటికీ, బయటి నుంచి కనిపించని చోట్లకు కూడా, పలుచని వార్నిష్ పూయండి. గాజుపెట్టె పెడితే దుమ్ము పడదు గానీ, దానిని పూర్తిగా మూసేయకుండా అడుగున చిన్న రంధ్రాలు ఉంచండి. లేకపోతే లోపల చిక్కిన తేమకు బూజు పడుతుంది. అన్నిటికీ మించి, దారాన్ని వీణ తీగలా లాగి కట్టవద్దు. సన్నని స్తంభాన్ని వంచడానికి నాలుగు దారాల బిగువు చాలు.

ఓడ మీద రెండు రకాల తాళ్లుంటాయి. స్తంభాన్ని నిలబెట్టే మోకులు కదలవు. ఎండావానలకు తట్టుకోవడానికి వాటికి తారు పూసేవారు కనుక నమూనాలో నల్లగా గానీ ముదురు గోధుమ రంగులో గానీ ఉండాలి. తెరచాపలను, అడ్డుకొయ్యలను లాగే తాళ్లు కప్పీల గుండా కదులుతాయి, వాటికి లేత గోధుమ రంగు వాడతారు. కిట్‌లో అన్నింటికీ ఒకే రంగు దారం వచ్చినా మీరు మార్చుకోండి.

తాళ్ల నిచ్చెనలకు ఆధారం పక్క మోకులు, అంటే స్తంభం పై నుంచి ఓడ రెండు పక్కలకూ దిగే మోకులు. వాటిని స్తంభం పైన జతలుగా తగిలిస్తూ ముందు కుడి వైపు, తరువాత ఎడమ వైపు, ఇలా మార్చి మార్చి కట్టాలి. ప్రతి మోకు కింద మూడు కళ్ల గుండ్రటి దిమ్మ ఒకటి, దానికి ఎదురుగా ఓడ అంచున మరొకటి ఉంటాయి. ఈ రెంటి మధ్య దూరం అన్ని మోకులకూ ఒకటే రావాలంటే, గట్టి ఇత్తడి తీగను పెద్ద కుట్టుపిన్ను ఆకారంలో వంచి, దాని రెండు కొనలను రెండు దిమ్మల కళ్లలో గుచ్చి ఉంచి మోకును ముడివేయండి. ముడి బిగిశాక తీగ తీసేసి సన్నదారంతో కళ్లను అల్లండి. అన్ని మోకులూ అయ్యేదాకా దేనినీ పూర్తిగా బిగించవద్దు.

ఈ మోకులకు అడ్డంగా కట్టే నిచ్చెన మెట్ల మధ్య దూరం నిజమైన ఓడలో 13 నుంచి 15 అంగుళాల దాకా ఉండేది, నావికుడు ఒక అడుగు వేసే ఎత్తు. 1:50 కొలతలో అది 7 మిల్లీమీటర్లు. తెల్లకాగితం మీద 7 మిల్లీమీటర్లకు ఒక గీత గీసి మోకుల వెనుక నిలబెట్టి, గీత వెంబడి కట్టుకుంటూ పోండి. మధ్య మోకులకు వేసే ముడి తేలిక: దారాన్ని మోకు చుట్టూ రెండుసార్లు తిప్పి, రెండో చుట్టు కింద నుంచి కొసను తీసి లాగడమే. దారాన్ని ముందుగా తేనెమైనం ముక్క మీద లాగితే ముడి జారదు, దారం నూగు లేవదు. మెట్టును లాగి కడితే మోకులు లోపలికి వంగి నడుము సన్నబడ్డ డమరుకంలా కనిపిస్తాయి. ప్రతి ఐదారు మెట్లకు ఒకసారి ఓడను ముందు నుంచి చూసుకోండి. రోజుకు పది మెట్ల కంటే కట్టవద్దన్నది నా సలహా, ఆ తరువాత చెయ్యి తొందరపడుతుంది.

ప్రశ్న: మా తాళ్లరేవులో, కోరంగిలో పూర్వం సముద్రపు ఓడలు కట్టేవారని పెద్దలు చెప్పేవారు. కిట్లన్నీ ఇంగ్లండు, అమెరికా, స్పెయిన్ ఓడలవే కనిపిస్తున్నాయి. మన ఓడలకు కిట్లు ఎందుకు లేవు?
– ఒక పాఠకుడు, తాళ్లరేవు

జవాబు: మీ పెద్దలు చెప్పింది నిజమే. 1839 నవంబరులో వచ్చిన పెను తుఫాను కోరంగిని ముంచెత్తక ముందూ, ఆ తరువాత కొంతకాలమూ గోదావరి ముఖద్వారంలో ఓడలు కట్టడం, బాగుచేయడం జరిగేది. అంతకు ఎంతో ముందు, యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రించిన సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. కిట్ తయారీకి కావలసింది మాత్రం కొలతల పటం. బ్రిటిష్ నౌకాదళం తన ఓడలకు పటాలు గీయించి దాచింది, వాటిలో ఎన్నో ఇప్పటికీ లండన్‌లోని గ్రీనిచ్ మ్యూజియం దగ్గర ఉన్నాయి. మన మిస్త్రీలు కంటి కొలతతో, చేతి అలవాటుతో కట్టారు, ఆ పని వారి చేతులతోనే పోయింది. నాణెం మీది బొమ్మను బట్టి ఓడ పొట్ట వంపు తెలియదు.

పటం విలువ తెలియాలంటే ట్రింకమలీ సంగతి వినండి. ఇది 1817లో బొంబాయిలో వాడియా కుటుంబపు మిస్త్రీలు టేకుతో కట్టిన బ్రిటిష్ యుద్ధనౌక. దీని పటాలను మొదట జావా అనే ఓడలో పంపితే, 1812లో అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ ఆ జావాను ఓడించి నాశనం చేసింది, పటాలూ దానితోనే పోయాయి. మరో ప్రతి పంపేదాకా బొంబాయిలో పని మొదలుకాలేదు. ఆ టేకు ఓడ నేడు ఇంగ్లండులోని హార్ట్‌ల్‌పూల్‌లో, కాన్‌స్టిట్యూషన్ అమెరికాలోని బోస్టన్‌లో, రెండూ నీటి మీదే ఉన్నాయి. ఇటీవల మన నౌకాదళం అజంతా చిత్రంలోని ఓడను ఆధారం చేసుకుని, మేకులు లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టించి కౌండిన్య అనే ఓడను కట్టించి 2025లో కార్వార్‌లో చేర్చుకుంది. దానికి కూడా పటం దొరకలేదు, చిత్రాన్ని చూసి కొత్తగా గీయవలసి వచ్చింది.

మీ ఊరిలో ఒడ్డుకు లాగి ఉంచిన పాత కర్ర పడవ ఏదైనా ఉంటే పటం మీరే గీయవచ్చు. యజమానిని అడిగి, పడవ పొడవునా రెండేసి అడుగులకు ఒక గుర్తు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గరా పడవ పై అంచుకు ఒక కర్రను బయటికి అడ్డంగా కట్టి, దాని చివర నుంచి తాపీమేస్త్రీల తూకపు గుండు వేలాడదీయండి. ఆ తాడు నుంచి పడవ ఒంటికి ఎంత దూరముందో పై నుంచి కిందకు ప్రతి అరడుగుకూ కొలిచి రాసుకోండి. ఒక పక్క కొలిస్తే చాలు. ఆ అంకెలను 1:24 కొలతకు తగ్గించి గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే ఒక్కొక్క గుర్తూ ఒక అడ్డుపలక అవుతుంది. పడవ నేల మీద ఒరిగి ఉంటే మాత్రం ముందు దానిని నిలువుగా దిమ్మల మీద నిలబెట్టించండి, లేకపోతే కొలతలన్నీ ఒక పక్కకు పోతాయి.