స్మార్ట్ హోమ్ కొనేముందు ఇంటర్నెట్ ఆపించి చూడండి

విజయవాడలో ఇల్లు కడుతున్నామనీ, ఫోనుతో లైట్లూ తలుపులూ నడిపే స్మార్ట్ హోమ్‌కు ఏ కంపెనీ మంచిదో చెప్పమనీ మీరు అడిగారు. ఇదే ఊళ్లో ఏళ్లుగా వైరింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాను. ఏ కంపెనీ అన్నది తరువాతి మాట. సరుకు అమ్మేశాక ఆ కంపెనీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ముందు కనుక్కోండి.

మొగల్రాజపురంలో ఒక ఇల్లు ఉంది. అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం. గృహప్రవేశానికి వచ్చినప్పుడు అమ్మానాన్నలు సుఖపడాలని గోడలకు టచ్ ప్యానెళ్లు పెట్టించి వెళ్లాడు. ప్యానెల్ నొక్కితే ఆ ఆదేశం ఇంట్లోని హబ్‌కు, అంటే అన్ని పరికరాలనూ కలిపే చిన్న పెట్టెకు, అక్కడినుంచి ఎక్కడో ఉన్న సర్వర్‌కు, అంటే కంపెనీ కంప్యూటర్‌కు వెళ్లి, తిరిగి వచ్చాక లైటు వెలగాలి. కొన్నాళ్లకు ఆ కంపెనీ మూతపడింది. ఒకరోజు తెల్లవారుజామున పెద్దావిడ ఫోను చేశారు. "బాబూ, దేవుడి గదిలో లైటు వెలగడం లేదు, ఒకసారి వచ్చి చూడు నాయనా" అన్నారు. వెళ్లి టెస్టర్ పెట్టి చూశాను. కరెంటు ఉంది, బల్బు బాగుంది, వైరు బాగుంది. ప్యానెల్ మీద నీలం చుక్క వెలుగుతోంది, లైటు మాత్రం లేదు. ఆవిడ పూజ చేసుకుంటుంటే పెద్దాయన సెల్‌ఫోను టార్చి పట్టుకుని నిలబడ్డారు. అబ్బాయికి ఫోను చేస్తే, ఖాతా తన పేరునే ఉంది కానీ యాప్ అసలు తెరుచుకోవడం లేదన్నాడు. చివరికి ప్యానెళ్లన్నీ పీకి మామూలు స్విచ్‌లు బిగించాను. గోడలోని స్విచ్ పెట్టెల కొలతలు కలవక గోడలు తొలవాల్సి వచ్చింది. కొత్త లప్పం, కొత్త రంగు పాడైపోయాయి. "నాలుగు స్విచ్‌లు నొక్కుకోలేనంత చేతకాకుండా పోయామా మేము?" అని పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇది మన ఊరి దుకాణాల నాసిరకం సరుకు గొడవ అనుకోకండి. అమెరికాలో రివాల్వ్ అనే కంపెనీ తన హబ్‌ను 300 డాలర్లకు అమ్మింది. గూగుల్‌కు చెందిన నెస్ట్ ఆ కంపెనీని 2014లో కొని, 2016 మేలో సర్వర్లు ఆపేసింది. 2020లో వింక్ అనే మరో స్మార్ట్ హోమ్ సంస్థ అప్పటిదాకా ఉచితమైన సేవకు నెలకు 4.99 డాలర్లు కట్టమంది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియన్ అనే ఇంకో కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. కారణం ఒక్కటే. మనం ఒకసారి డబ్బిస్తాం, సర్వర్ ఖర్చు నెలనెలా ఉంటుంది. కొత్త గిరాకీ తగ్గగానే చందా అయినా మొదలుపెట్టాలి, మన వివరాలతో వ్యాపారమైనా చేయాలి, లేదా దుకాణం కట్టేయాలి. కెమెరాలు చవకగా ఇచ్చి, రికార్డింగు దాచిపెట్టడానికి నెలనెలా వసూలు చేసేదీ అందుకే. మెమరీ కార్డు పట్టే కెమెరా కొనుక్కుంటే ఆ బాధ ఉండదు.

పెట్టె మీద పేరు చూసి కూడా మోసపోవద్దు. చైనాలోని హాంగ్‌జౌ నగరంలో 2014లో పుట్టిన తుయా అనే కంపెనీ తన ప్లాట్‌ఫారమ్‌ను లెక్కలేనన్ని బ్రాండ్లకు ఇస్తుంది. పేర్లు వేరైనా లోపల నడిపించేది అదే.

అపార్ట్‌మెంట్ బిల్డర్ల మీద నా కోపం వేరు. బ్రోచర్లో "స్మార్ట్ హోమ్" అని అచ్చువేసి చదరపు అడుగు రేటు పెంచుతారు. ఆ యాప్ ఎన్నేళ్లు నడుస్తుందో రాసిమ్మంటే మాట మారుస్తారు. తాళాలు అప్పగించిన తరువాత ఫోనెత్తరు. పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియక జనం నా చుట్టూ తిరుగుతుంటారు.

దుకాణంలో డెమో చూపించేటప్పుడు రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ వైరు తీయించండి. అప్పుడూ స్విచ్ పనిచేస్తేనే కొనండి. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేయడానికి 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం ఉన్న సరుకు అడగండి. అది ఇంట్లోని నెట్‌వర్క్ మీదే నడుస్తుంది, ఒకే కంపెనీ యాప్‌కు కట్టుబడనక్కరలేదు. ఓపిక ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పరికరాలన్నిటినీ ఇంట్లోనుంచే నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చిన్న కంప్యూటర్ మీద పెట్టుకోవచ్చు. 2013 నుంచీ ఉంది, చందా లేకుండానే నడుస్తుంది. తలుపుకు మాత్రం తాళంచెవితో తెరుచుకునే తాళమే పెట్టించండి.

మీ ఇల్లు ఇంకా కడుతున్నారు కాబట్టి, గోడలకు పూత వేయకముందే ప్రతి స్విచ్ పెట్టెలోకి న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, లాగమని మీ ఎలక్ట్రీషియన్‌కు ఈరోజే చెప్పండి. మామూలు స్విచ్‌కు ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు చాలు కాబట్టి చాలామంది లాగరు. స్మార్ట్ స్విచ్‌లలో ఎక్కువ రకాలకు ఎప్పుడూ కొంచెం కరెంటు అందుతూ ఉండాలి, దానికి న్యూట్రల్ కావాలి. పెట్టెలు కూడా లోతైనవి తీసుకోండి. స్విచ్‌లు ఏవి పెట్టాలో ఇల్లు పూర్తయ్యాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.