సబ్‌మెరైన్ ఆడే కార్తీక్‌కు

చి. కార్తీక్‌కు,

బాబాయ్ ఆశీస్సులు. కోల్డ్ వాటర్స్ ఆటలో నీ సబ్‌మెరైన్ మాటిమాటికీ మునిగిపోతోందని మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాక ఇది రాయాలనిపించింది. 2017లో ఆ ఆట వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నాను కాబట్టి నాలుగు ముక్కలు చెప్పే అర్హత ఉందనుకుంటాను. మీ పిన్ని ఒప్పుకోదనుకో, అది వేరే సంగతి.

నీ గురికి వంక పెట్టడానికి లేదు. నువ్వు మునిగిపోతున్నది వేగం వల్ల. లాస్ ఏంజెలెస్ క్లాస్ అమెరికా అణు సబ్‌మెరైన్ చేతికి రాగానే ఎవరికైనా ముప్పై నాట్ల (సముద్రంలో వేగం కొలత) వేగం కొట్టాలనే ఉంటుంది. రియాక్టర్ ఉంది, బ్యాటరీ అయిపోతుందన్న బెంగ లేదు, గాలి కోసం పైకి రానక్కర్లేదు. అయితే ఆ రియాక్టర్‌ను చల్లబరిచే పంపులు, టర్బైన్లు, గేర్లు ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటాయి. విశాఖ బీచ్‌లో చూశాం కదా, కురుసుర. ఆ ఫాక్స్‌ట్రాట్ రకం డీజిల్ సబ్‌మెరైన్ బ్యాటరీ మీద మెల్లగా కదిలితే పసిగట్టడం చాలా కష్టం. ఆటలో అలాంటిది ఎదురైతే పాతకాలం బోటని చులకన చేయకు.

ఐదు నాట్ల దగ్గర ఉండటం అలవాటు చేసుకో. వేగం పెరిగితే నువ్వు అవతలివాడికి వినపడటం ఒక్కటే కాదు, నీకూ ఏమీ వినపడదు. సాగర్ హైవే మీద బండి ఎనభైలో పోతుంటే వెనక కూర్చున్నవాడి మాట ఎంత వినపడుతుందో నీళ్లలో చప్పుళ్లు పట్టే నీ సోనార్‌కూ అంతే. దూరం పోవాల్సి వస్తే లోతుకు దిగి కాసేపు పరిగెత్తు, తర్వాత వేగం తగ్గించి చెవులు రిక్కించు, మళ్లీ పరిగెత్తు. లోతుకే ఎందుకంటే, ప్రొపెల్లర్ దగ్గర నీళ్లలో బుడగలు పుట్టి పేలే చప్పుడు, అదే కెవిటేషన్, పైన ఉన్నప్పుడు తక్కువ వేగానికే మొదలవుతుంది. కింద నీటి ఒత్తిడి ఎక్కువ కాబట్టి అంత తొందరగా రాదు.

లేయర్ గురించి నీకు తెలుసు. పైనున్న వేడి నీళ్లకూ కిందనున్న చల్లటి నీళ్లకూ మధ్య శబ్దం వంగిపోతుంది, దాని కింద దూరితే ఓడలకు సరిగా వినపడం. నిజమే, కానీ పైవాళ్లు నీకూ సరిగా వినపడరు. హెలికాప్టర్ తీగకు కట్టి దించే సోనార్ లేయర్ కిందకీ వస్తుంది. కాబట్టి కింద ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండకు.

యాక్టివ్ సోనార్, అంటే మనమే పింగ్ అని శబ్దం పంపి ప్రతిధ్వని వినేది, మాత్రం ముట్టుకోకు. నీ పింగ్ వెళ్లి తగిలి తిరిగొచ్చేలోపు అంతకు రెట్టింపు దూరంలో ఉన్నవాడికి కూడా నువ్వు ఎక్కడున్నావో తెలిసిపోతుంది. దూరం తెలియాలంటే దిశ మార్చుకుంటూ వాడి బేరింగ్, అంటే వాడు నీకు ఏ దిక్కులో ఉన్నాడన్నది, ఎలా మారుతోందో చూడు. ఆలస్యమవుతుంది. కానీయ్.

ఇక అసలు సంగతి, కాల్పులు. నువ్వు టార్పెడోను నేరుగా వాడి మీదకే వదులుతున్నావు. అది వచ్చిన దిక్కులోనే వాడు ఎదురు టార్పెడో పంపుతాడు, ఆ దారిలో నువ్వే ఉంటావు. అలా కాకుండా ముందు దాన్ని బాగా పక్కకు పంపి, దాన్ని మన బోటుకు కలిపి ఉంచే వైర్‌తో తిప్పి, దగ్గరికెళ్లాక దాని సోనార్ ఆన్ చెయ్యి. వాడు ఖాళీ నీళ్ల మీదకు కాలుస్తాడు. ఈలోపు నువ్వు మెల్లగా పక్కకు జరగాలి. గట్టిగా తిరిగితే వైర్ తెగుతుంది. టార్పెడో తనంతట తాను టార్గెట్‌ను పట్టుకుందంటే మాత్రం ఆ వైర్ మీద మమకారం పెట్టుకోకు, తెంపేసి వెళ్లిపో.

వాడి టార్పెడో నీ మీదకొస్తే టెన్షన్‌లో దాన్ని సరిగ్గా వెనక్కి పెట్టుకుని పారిపోకు. మన ప్రొపెల్లర్ వెనక సోనార్‌కు ఏమీ వినపడదు, వచ్చేదాన్ని చూడకుండా పరిగెత్తినట్టే. కాస్త ఓరగా ఉంచుకుని, దాన్ని దారి మళ్లించడానికి చప్పుడు చేసే నాయిస్‌మేకర్ వదిలి, లోతు మార్చి గట్టిగా తిరుగు. వేగం కావాల్సింది అప్పుడే.

ఓపిక ఎందుకంటున్నానో చెప్పడానికి నిజంగా జరిగింది ఒకటి చెబుతాను. 1982 మే 2న బ్రిటన్ అణు సబ్‌మెరైన్ కాంకరర్, అర్జెంటీనా క్రూయిజర్ జనరల్ బెల్గ్రానోను ముంచింది. వైర్‌తో నడిచే కొత్త టైగర్‌ఫిష్ టార్పెడోలు ఉన్నా, కెప్టెన్ పాత మార్క్ 8 రకమే వాడాడు. మూడు వదిలితే రెండు తగిలాయి. ముందు రోజు నుంచీ వాళ్లకు తెలియకుండా వెంటాడి దగ్గరికి చేరాడు కాబట్టి పాతవే సరిపోయాయి. ఆ ఓడలో 323 మంది పోయారు, అది ఆట కాదు. నువ్వేమో ఆట మొదలైన కాసేపటికే నాలుగు ట్యూబులూ ఖాళీ చేస్తున్నావు. రెండు ఎప్పుడూ నింపి ఉంచుకో.

విసుగొస్తే ఆటలో కాలాన్ని వేగంగా నడిపే టైమ్ కంప్రెషన్ వాడుకో, తప్పులేదు. సోనార్‌కు కొత్త ఓడో సబ్‌మెరైనో తగలగానే ఆపేయ్. నీ మియాపూర్ రూమ్‌లో ఫ్యాన్ మోతకు స్పీకర్లు పనికిరావు, హెడ్‌ఫోన్లు కొను. ఈసారి ఆడేటప్పుడు రికార్డ్ చేసి పంపు. సోనార్ విండో కనపడాలి, లేకపోతే నువ్వు ఎక్కడ దొరికిపోయావో నాకు అర్థం కాదు.

ఇట్లు,
మీ బాబాయ్,
ఉప్పల్