ఇంగ్లండ్‌లో గుర్రపుస్వారీ క్యాంపుకి తొమ్మిదో తరగతి అమ్మాయిని పంపొచ్చా?

మీ అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లండ్‌లో ఓ పాత ఎస్టేటులో జరిగే స్వారీ క్యాంపుకి వెళ్తానంటోంది, అంత ఖర్చు పెట్టి పంపొచ్చా అని అడిగారు. పంపండి. కాకపోతే ఆమెకి ఇష్టం స్వారీ ఒక్కటేనా, గుర్రం కూడానా అన్నది ముందు తేల్చుకోండి. మేం ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో. మా అమ్మాయి అలాంటి క్యాంపుకి వెళ్లొచ్చింది కాబట్టి చెబుతున్నాను.

అక్కడ రోజంతా జీను మీదే ఉండరండీ. పొద్దున్నే లేచి పేడ ఎత్తాలి, కింద గడ్డి మార్చాలి, నీళ్లు పెట్టాలి. స్వారీకి ముందు గిట్టలు శుభ్రం చెయ్యాలి. గుర్రం భుజం పక్కన తోకవైపు తిరిగి నిలబడి, కాలి వెంట చెయ్యి కిందికి జారిస్తే అది కాలెత్తుతుంది. చిన్న కొక్కెంతో మడమ నుంచి ముందుకి మట్టీ రాళ్లూ గీకెయ్యాలి. మధ్యలో ‘వి’ ఆకారంలో ఉండే మెత్తటి భాగానికి కొక్కెం తగలకూడదు. మా అమ్మాయికి అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. ఫోన్లో ఎస్టేటులోని పెద్ద భవంతి ఊసే లేదు, ఎప్పుడూ తన గుర్రం ఏం తింది, చెవులు ఎటు తిప్పింది అన్న కబుర్లే.

ఆ ఎస్టేట్లకీ గుర్రాలకీ పాత బంధం ఉంది. బ్యాడ్మింటన్ హౌస్ అనే పాత ఎస్టేటు ఆవరణలో 1949 నుంచి గుర్రపు పోటీలు జరుగుతున్నాయి, బర్లీ హౌస్ అనే మరో ఎస్టేటులో 1961 నుంచి. ఇవి పరుగు పందేలు కావు, గుర్రంతో విన్యాసాలు, ఆరుబయట అడ్డంకులు దాటుతూ పరుగు, కంచెల మీంచి దూకడం అనే మూడూ కలిసిన ఈవెంటింగ్ అనే ఆట. టోక్యో ఒలింపిక్స్‌లో మన రౌతు ఫవాద్ మీర్జా పోటీ పడింది కూడా ఈ ఆటలోనే.

అసలు చిక్కు తేదీలతో. మన బడులకి వేసవి సెలవులు జూన్ మధ్యకి అయిపోతాయి. ఇంగ్లండ్ బడులకి జూలై ఆఖర్లో మొదలై సెప్టెంబరు దాకా ఉంటాయి, క్యాంపులు ఎక్కువగా అప్పుడే. పదో తరగతిలోకి వచ్చాక బడి మానిపించి పంపడం నాకైతే ఇష్టం లేదు. మే నెలాఖరులో వాళ్లకి ఓ వారం సెలవులుంటాయి, ఆ వారంలో క్యాంపు ఉందేమో అడగండి. వీసా కోసం మీ లిఖిత అంగీకారం, అక్కడ పిల్ల బాధ్యత ఎవరిదన్న వివరాలు కావాలి.

ఆ క్యాంపు నడిపే కేంద్రానికి, అక్కడ గుర్రాల సంక్షేమం, స్వారీ శిక్షణ చూసే బ్రిటిష్ హార్స్ సొసైటీ అనే సంస్థ ఆమోదం ఉందో లేదో చూడండి. రోజుకి ఎన్ని గంటలు స్వారీ, ఒక్కో టీచరుకి ఎంతమంది పిల్లలు, ఇన్సూరెన్స్ ఎవరిది అని మెయిల్లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బైక్ హెల్మెట్ పనికిరాదు. స్వారీ హెల్మెట్ కూడా ఒకసారి గట్టిగా దెబ్బ తింటే, పైకి పగుళ్లు కనిపించకపోయినా మార్చెయ్యాలి. బూట్లకి కొంచెం మడమ ఉండాలి, లేకపోతే కాలు రికాబులోంచి (జీనుకి వేలాడే, పాదం పెట్టుకునే కడియం) అవతలికి జారి ఇరుక్కుంటుంది.

ఆర్కే బీచ్‌లో పగ్గం ఇంకొకరు పట్టుకుని తిప్పే రౌండ్లని అనుభవం కింద రాయకండి. వెళ్లేలోపు మంచి స్వారీ స్కూల్లో ట్రాట్ (గుర్రం నడక కన్నా వేగంగా, చిన్నగా పరుగెత్తడం) వరకూ నేర్పించండి, కుదరకపోతే బిగినర్ అనే రాయండి. ఫారంలో ఎత్తు, బరువు కూడా అడుగుతారు. వాటిని బట్టే గుర్రాన్ని ఎంచుతారు, కాబట్టి బయల్దేరే ముందు మళ్లీ కొలిచి తేడా ఉంటే వాళ్లకి చెప్పండి. ఆ వయసు పిల్లలు నెలల్లోనే ఎదిగిపోతారు కదా.