అపార్ట్‌మెంట్‌లో ఇంటి నుంచి వ్యాపారం చేయకూడదంటున్న అసోసియేషన్, టెర్రస్ మీద సెల్ టవర్‌కి మాత్రం ఒప్పుకుంది. వాళ్లకి ఆ హక్కు ఉందా?

మీరు ఇంట్లో కేకులు చేసి అమ్ముతున్నారు. అసోసియేషన్ వాళ్లు "ఇది రెసిడెన్షియల్ బిల్డింగ్" అంటున్నారు. టవర్ అద్దె అనగానే మాత్రం ఆ మాట మర్చిపోయారు. మీ ప్రశ్న మా ఆయనకి చదివి వినిపిస్తే "ఇది నువ్వే రాశావా ఏంటి?" అన్నారు. అందుకే జవాబు రాయక తప్పడం లేదు.

మాది మల్కాజిగిరి. పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. నేను ఊరగాయలు పెట్టి అమ్ముతాను. మామూలు రోజుల్లో పొడులు, గోంగూర, టమాటా. ఏప్రిల్ చివరికి వచ్చేసరికి ఆవకాయ. మోండా మార్కెట్‌లో కాయ కొట్టించి తెస్తాం. తుడవడం, కలపడం అంతా ఇంట్లోనే. ఆ సీజన్‌లో మా హాల్లో కాలు పెట్టడానికి చోటుండదు.

ముందు కాయితాల సంగతి. తినే వస్తువు అమ్ముతున్నారు కాబట్టి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. నేను తీసుకున్నప్పుడు ఏడాది టర్నోవర్ 12 లక్షల లోపు ఉన్నవాళ్లకి ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆన్‌లైన్‌లోనే అయిపోయింది, పెద్ద కష్టం లేదు. ఆ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్. నేను తీసుకున్నప్పుడు మాకు జీహెచ్ఎంసీ ఇచ్చింది. అది 1955 నాటి కార్పొరేషన్ చట్టం కింద ఇస్తారు. రోడ్డు వెడల్పు, మీరు వాడుకునే జాగా చూసి ఫీజు వేస్తారు. ఇంట్లో ఏ గది అని చూపించాలో నాకు అర్థం కాక వంటింటి కొలతలు రాశాను. ఎవరూ వచ్చి కొలవలేదు. నా అనుభవంలో ఆఫీసు వాళ్లు తమంతట తాము మీ గుమ్మం ఎక్కరు. ఎవరో ఒకరు కంప్లైంట్ ఇస్తేనే వస్తారు. అందుకని లైసెన్స్ కంటే ముందు పక్క ఫ్లాట్ వాళ్లకి ఒక చిన్న సీసా ఆవకాయ ఇవ్వండి అని అందరికీ చెబుతుంటాను. మీరైతే కప్‌కేకులు.

మా మూడో అంతస్తు ఆయనకి సీసా ఇచ్చినా పని జరగలేదు. ఆయన కంప్లైంట్ మీదే ఒక ఆదివారం సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు చాలక ఇద్దరు స్కూటర్ల మీద కూర్చున్నారు. మొదటి అంశం నా ఊరగాయలు, రెండో అంశం టవర్. కారం ఘాటుకి వాళ్ల బాబు తుమ్ముతున్నాడట. డెలివరీ అబ్బాయిలు మాటిమాటికీ వాళ్ల బెల్లే కొడుతున్నారట. లిఫ్ట్‌లో నువ్వుల నూనె వాసనట. ఈ చివరిది మాత్రం నేను కాదనను. సెక్రటరీ గారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. బైలాస్ పుస్తకం, అంటే అసోసియేషన్ నియమాల పుస్తకం తెరిచి, ఫ్లాట్లను నివాసానికి తప్ప వాడరాదన్న లైను రెండుసార్లు చదివారు. మొదటిసారి అందరికీ, రెండోసారి నా వైపు చూస్తూ.

ఆ పుస్తకం మూయకుండానే రెండో అంశంలోకి వెళ్లారు. కంపెనీ తరఫున ఒకతను ఫైలుతో వచ్చాడు. అద్దె అసోసియేషన్ ఖాతాలో పడుతుందని, మెయింటెనెన్స్ తగ్గుతుందని చెప్పాడు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ముఖాలన్నీ విచ్చుకున్నాయి. మొదటి అంతస్తు ఆంటీ ఒక్కరే "రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందంటారు కదా బాబూ" అని అడిగారు. అతను ఏదో చెప్పబోతుంటే మా అబ్బాయి ఫోన్‌లో వెతికి పైకి చదివాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ రేడియో తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. అంటే క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండొచ్చు, రుజువు మాత్రం సరిపోదు అని. అక్కడితో ఆగకుండా వాడు "అమ్మా, ఈ లిస్టులో ఊరగాయలు కూడా ఉన్నాయే!" అన్నాడు.

నిజంగానే ఉన్నాయి. ఆసియా దేశాల సంప్రదాయ పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు అని ఉంది. అందులో మన ఆవకాయ వస్తుందా రాదా అన్నది పండితులు తేల్చుకోవాలి. సెల్లార్ అంతా నవ్వులే. మూడో అంతస్తు ఆయనైతే "చూశారా, నేను చెప్తే వినలేదు!" అని తొడ చరిచారు. నాకు ఒళ్లు మండి "అయితే రెండూ ఒకే లిస్టులో ఉన్నాయి కదండీ, రెండింటికీ ఒకే రూలు పెట్టండి" అన్నాను. సెక్రటరీ గారు గడియారం చూసుకున్నారు. మినిట్స్‌లో మొదటి అంశం వాయిదా, రెండోది ఆమోదం అని రాశారు.

రేడియేషన్ అంటే నాకు భయం లేదు. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. నమ్మకం కుదరని వాళ్లకి కేంద్రం తరంగ్ సంచార్ అనే పోర్టల్ పెట్టింది. మీ చుట్టుపక్కల ఏ టవర్లున్నాయో అందులో కనిపిస్తాయి. 4000 రూపాయలు, పైన జీఎస్టీ కడితే మీ ఇంటి దగ్గర కొలిపించుకోవచ్చు కూడా. లోపల సిగ్నల్ లేదని బాల్కనీలోకొచ్చి అరుస్తూ మాట్లాడేవాళ్లే టవర్ వద్దని సంతకాలు సేకరిస్తుంటే నాకు నవ్వొస్తుంది.

నా భయమల్లా బరువు గురించి. స్తంభాలు, బ్యాటరీలు, క్యాబినెట్లు, జనరేటర్, ఇవన్నీ వానొస్తే కారే మా స్లాబు మీద. టవర్లు, కేబుళ్ల అనుమతుల రూల్స్‌కి 2022లో చేసిన సవరణ తర్వాత ప్రైవేటు బిల్డింగ్ మీద పెట్టడానికి కంపెనీ మున్సిపాలిటీ అనుమతి కోసం ఆగక్కర్లేకపోయింది. ముందుగా సమాచారమిచ్చి, బిల్డింగ్ తట్టుకుంటుందని స్ట్రక్చరల్ ఇంజనీర్ ఇచ్చిన సర్టిఫికెట్ జత చేస్తే సరిపోయేది. 2025 జనవరి నుంచి కొత్త టెలికాం చట్టం కింద వేరే రూల్స్ వచ్చాయి కాబట్టి వాటినీ చూసుకోండి. మాకు చూపించిన సర్టిఫికెట్‌లో బిల్డింగ్ భేషుగ్గా ఉందని రాసి ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే "టెర్రస్ తాళం నా దగ్గరే ఉంది మేడం, ఎవరూ అడగలేదు" అన్నాడు. నాలుగు జాడీల ఊరగాయకి నేను పెట్టుకున్న కాయితాలు ఇంత ఇనుముకి అక్కర్లేకపోయాయి. జనరేటర్ మోత మూడో అంతస్తు దాకా వినిపిస్తోందట. నాకేం జాలి లేదు.

అన్నట్టు, "మీ మేడ మీద టవర్ పెడతాం, లక్షల్లో అడ్వాన్స్, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోన్లొస్తే వెంటనే కట్ చేసేయండి. టవర్ కోసం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎవరికీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వదు, డబ్బూ అడగదు. మా బంధువుల్లో ఒకాయన ట్రాయ్ ముద్ర ఉన్న లెటర్ చూసి డబ్బు కట్టేశారు.

ఇక మీ హక్కుల మాట. ట్రేడ్ లైసెన్స్ ఉన్నంత మాత్రాన మీ ఫ్లాట్ కమర్షియల్ అయిపోదు, అసోసియేషన్‌కి బైలాస్ చూపించి అడిగే వీలు అలాగే ఉంటుంది. అదే బైలాస్ వాళ్లకీ వర్తిస్తాయి. టెర్రస్ కమిటీ సొత్తు కాదు. 2016 నాటి రెరా చట్టం (ఇళ్ల కొనుగోలుదారుల రక్షణకి తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) కూడా దాన్ని కామన్ ఏరియాల్లోనే చేర్చింది. టవర్ అగ్రిమెంట్ కాపీ, ఆ ఇంజనీర్ సర్టిఫికెట్ కాపీ రాతపూర్వకంగా అడగండి. నేను అడిగాక నా వాయిదా పడ్డ అంశం మళ్లీ ఏ మీటింగ్‌లోనూ రాలేదు.

మీకు నాకంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది కరెంటు మీటర్. ఆవకాయకి కరెంటు అక్కర్లేదు, ఓవెన్‌కి కావాలి. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేస్తున్నారని తేలిస్తే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్క కట్టొచ్చు. ఎప్పటి నుంచో తెలియకపోతే వెనక్కి 12 నెలలకి వేస్తారు. ఆర్డర్లు పెరగకముందే కరెంటు సెక్షన్ ఆఫీసుకి వెళ్లి మీ కనెక్షన్ ఏ కేటగిరీలోకి రావాలో అడిగి రండి. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ మాత్రం జనవరి 31 దాటనివ్వకండి, ఆ తర్వాత 25 శాతం పెనాల్టీ పడుతుంది.