మారియో పాటను వయొలిన్ మీద వాయించబోయే మేనకోడలికి

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీ వార్షికోత్సవంలో నాలుగు వయొలిన్లు, మృదంగం, ఘటంతో సూపర్ మారియో బ్రదర్స్ వీడియో గేమ్ సంగీతం వాయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. ఘటం అనగానే భయమూ వేసింది.

శ్రుతి ముందే చూసుకో. అదనపు తీగలు దగ్గర పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే. నా దిగులంతా ఆ పాటలోని ఖాళీల గురించి.

1985లో కోజి కొండో దాన్ని కూర్చినప్పుడు ఫ్యామికామ్ అనే ఆట యంత్రంలో ఆయన వాడిన ఎలక్ట్రానిక్ ధ్వనులు ఇవి: బాణీకి రెండు పల్స్ తరంగాలు, కింది స్వరాలకు ఒక ట్రయాంగిల్ తరంగం, తాళానికి గరగరమనే శబ్దం. మారియో గెంతినా, నాణెం దొరికినా ఆ చప్పుడు రెండు పల్స్‌లలో ఒకదాన్ని లాక్కుంటుంది. అలా తెగుతూ అతుకుతూ కూడా పాట నిలబడుతుంది. మొదటి ఏడు స్వరాలు పాడి చూడు. రెండోదాని తరువాత ఆగుతుంది, మూడోదాని తరువాత మళ్లీ ఆగుతుంది. గెంతాలనిపించేది అక్కడే.

నేను కీబోర్డు వాయించిన ఒక ఆర్కెస్ట్రాలో ఈ పాట ఎత్తుకున్నారు. బృందం పెద్దకు ఆ ఖాళీలు లోపంగా తోచాయి. ప్రతి ఖాళీలో ఢోలక్ ముక్తాయింపు పెట్టించారు, వయొలిన్లతో ప్రతి స్వరాన్నీ తరువాతి స్వరం దాకా లాగించారు. వినడానికి నిండుగానే ఉంది. కానీ ముందు వరుసలో కూర్చున్న పిల్లలు, రోజూ టీవీకి వీడియో గేమ్ తగిలించుకుని ఆడేవాళ్లు, పాటను గుర్తుపట్టలేదు. ఒకడైతే "ఇది ఏ సినిమాలోది నాన్నా?" అని అడిగాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీ వేళ్లకు గమకం, అంటే స్వరాన్ని ఊపడం, అలవాటు. ఆ ఏడు స్వరాల మీద మాత్రం వేయకు, చెప్పానంతే! ఆటలో నీటి అడుగు ఘట్టానికి వచ్చే పాటది మూడు మాత్రల నడక, దాన్ని ఎనిమిది దెబ్బల ఆదితాళంలో ఇరికించావంటే నీతో మాట్లాడను. చిన్నప్పుడు నా ఒడిలో కూర్చుని రిమోట్ పట్టుకుని, గొయ్యి వచ్చినప్పుడల్లా మారియోతో పాటు నువ్వూ ఎగిరేదానివి. అలా ఎగిరిన పిల్లకు లయ నేనేం నేర్పుతాను?

ఆటల పాటకు వేదిక ఎందుకని ఎవరైనా అంటే, 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ బాణీని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చిందని చెప్పు. వీడియో గేమ్ సంగీతానికి ఆ చోటు దక్కడం అదే మొదలు.

రిహార్సల్ రికార్డు చేసి పంపు. ఘటం అబ్బాయిని మొదటి ఆవర్తం ఊరుకోమను, మామయ్య చెప్పాడని చెప్పు.