'క్యూరెట్స్ ఎగ్' అంటే కొంత మంచి, కొంత చెడు అనేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఒక బ్రిటిష్ పత్రికలో పుస్తక సమీక్ష చదువుతుంటే 'క్యూరెట్స్ ఎగ్' అనే మాట తగిలింది. డిక్షనరీ చూస్తే 'కొంత బాగుండి, కొంత బాగోలేనిది' అని ఉంది. మరి మధ్యలో ఈ గుడ్డు ఎక్కడిది, ఆ క్యూరెట్ ఎవరు?

డిక్షనరీ చెప్పింది తప్పేమీ కాదు. అయితే దాని వెనక కథ తెలిస్తే, అవతలివాళ్లు మెచ్చుకుంటున్నారో, మర్యాదగా చురక వేస్తున్నారో తేలిగ్గా తెలిసిపోతుంది. బ్రిటిష్ జర్నల్స్‌కు వచ్చే పరిశోధనా వ్యాసాలను రివ్యూయర్లకు పంపడం, వాళ్ల రిపోర్టులను రచయితలకు చేర్చడం చాలాకాలం నా ఉద్యోగం. ఈ మాట ఎంతమందిని తికమక పెడుతుందో అక్కడే చూశాను.

క్యూరెట్ అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కింది మెట్టు మీదుండే పాస్టరు. మ్యూజియంలో వస్తువులను ఎంపిక చేసి అమర్చడాన్ని 'క్యూరేట్' చేయడం అంటాం కదా, స్పెల్లింగ్ అదే అయినా పలకడం వేరు. ఇక్కడ 'క్యూరెట్' అనాలి. పెద్ద పాస్టరు కింద సహాయకుడిగా పనిచేస్తాడు, జీతం తక్కువ. ఆయన పనిచేయాలంటే బిషప్ లైసెన్సు ఇవ్వాలి. సొంతంగా ఒక చర్చి బాధ్యత చేతికి రావాలన్నా పైవాళ్ల దయ ఉండాలి. మన వైపు ఊళ్లలో పాస్టరును అయ్యగారు అంటారు, బిషప్ వస్తే ఊరంతా హడావుడి. పందొమ్మిదో శతాబ్దం చివరి ఇంగ్లండ్‌లో ఆ అంతరం ఇంకా చాలా ఎక్కువ. బిషప్‌ను 'మై లార్డ్' అని పిలవాలి.

ఇప్పుడు కథలోకి వద్దాం. 1895 నవంబర్ 9న లండన్‌లోని 'పంచ్' అనే హాస్య వారపత్రిక ఒక కార్టూన్ వేసింది. గీసినవాడు జార్జ్ డు మోరియే. దానికి పెట్టిన పేరు 'నిజమైన వినయం'. బిషప్ గారింట్లో ఉదయం ఫలహారం. కుర్ర క్యూరెట్ ముందు గుడ్డు ఉంది. బిషప్ అంటాడు: "మీకు పాడైన గుడ్డు వచ్చినట్టుందే, మిస్టర్ జోన్స్!" జోన్స్ కంగారుగా బదులిస్తాడు: "అబ్బే, లేదు మై లార్డ్! నిజంగా చెప్తున్నాను, కొన్ని చోట్ల అద్భుతంగా ఉంది!"

జోక్ మొత్తం ఆ 'కొన్ని చోట్ల'లో ఉంది. ఇంగ్లీషువాళ్లు ఉడికించిన గుడ్డును చిన్న కప్పులో నిలబెట్టి, పైన టోపీలా కోసి, స్పూనుతో లోపలిది తింటారు. గుడ్డు మురిగిందంటే మొదటి స్పూను దాకా కూడా వెళ్లక్కర్లేదు, పెంకు పగలగానే వాసన గదంతా కొడుతుంది. మామిడిపండు ఒక పక్క కుళ్లితే అంతవరకు కోసేసి మిగతాది తింటాం. గుడ్డులో ఆ వెసులుబాటు లేదు. ఒక మూల చెడిందంటే మొత్తం చెడినట్టే. కాబట్టి క్యూరెట్ చెప్పింది అబద్ధం కూడా కాదు, అసలు అర్థమే లేని మాట. పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని పెద్దాయన పెట్టిన తిండిని బాగోలేదనలేక నోటికొచ్చింది అనేశాడు.

నాకు ఇందులో బాగా నచ్చేది ఇంకొకటి. గుడ్డు పాడైందని ముందు అన్నది బిషప్పే. ఆయన ఒప్పేసుకున్నాడు. క్యూరెట్ "అవునండీ" అంటే సరిపోయేది, బహుశా ఇంకో గుడ్డు కూడా వచ్చేది. అయినా నోరు పెగల్లేదు. ఆఫీసుల్లో ఇది నేను కళ్లారా చూశాను. మా కంపెనీకి వచ్చిన ఒక పెద్ద మేనేజరు తను రాసిన ట్రైనింగ్ మాన్యువల్ చూపించి, "ఇది సరిగ్గా రాలేదు, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారు. మా టీమ్‌లో ఒకబ్బాయి వెంటనే "లేదు సార్, మూడో చాప్టర్‌లో టేబుల్స్ చాలా బాగున్నాయి" అన్నాడు. మూడో చాప్టర్‌లో ఉన్నవి ఫోన్ నంబర్ల పట్టికలు. ఆ అబ్బాయిని తప్పుపట్టను. కొత్తగా చేరాడు, కన్ఫర్మేషన్ ఇంకా రాలేదు, టెన్షన్ ఉంటుంది. భయం ఉన్నచోట నిజం అంత సులువుగా బయటికి రాదు. నూట ముప్ఫై ఏళ్ల నాటి ఆ కార్టూన్ ఇప్పటికీ తగులుతోందంటే ఈ భయమే కారణమని నా అభిప్రాయం.

ఈ జోక్‌కు డు మోరియేనే ఆద్యుడు అనుకుంటారు గానీ, అదే ఏడాది మే 22న 'జూడీ' అనే పత్రికలో దాదాపు ఇదే కార్టూన్ వచ్చింది. అందులోనూ బిషప్, బెదురు క్యూరెట్, బాగోలేని గుడ్డు ఉన్నాయి. అందులో క్యూరెట్ "కొన్ని భాగాలు చాలా బాగున్నాయి" అంటాడు. కానీ జనం నోళ్లలో నిలిచింది 'పంచ్' కార్టూనే. డు మోరియే చేతి చలవ కూడా గొప్పది. 1894లో ఆయన రాసిన 'ట్రిల్బీ' నవలలోని స్వెంగాలీ పేరు, మనిషిని తన గుప్పిట్లో పెట్టుకుని ఆడించేవాడికి ఇంగ్లీషులో మారుపేరైంది. ఆ నవలను నాటకం వేసినప్పుడు పెట్టుకున్న టోపీకి ట్రిల్బీ అనే పేరు స్థిరపడింది. 1896లో ఆయన చనిపోయాడు. తన గుడ్డు ఒక నుడికారంగా మారడం ఆయన చూడలేదు.

1992లో 'పంచ్' మూతపడ్డప్పుడు చివరి సంచికలో ఆ కార్టూన్‌ను మళ్లీ వేశారు. ఈసారి క్యూరెట్ ఏ మొహమాటమూ లేకుండా ఒక బూతు జోడించి, గుడ్డు పాడైపోయిందని అనేస్తాడు. ఆ మార్పు చూసి నాకైతే ఆ కుర్రాడికి ఇన్నాళ్లకు నోరొచ్చిందని సంతోషమేసింది.

ఇక అర్థం దగ్గరికి. కార్టూన్ ప్రకారం 'క్యూరెట్స్ ఎగ్' అంటే పూర్తిగా చెడిపోయినా మర్యాద కోసం కొంత బాగుందని అనిపించుకునేది. జనం ఆ మాటను వాడుతూ వాడుతూ 'కొన్ని చోట్ల బాగుంది' అన్నదాన్నే పట్టుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది నిజంగానే కొంత మంచి, కొంత చెడు ఉన్నదానికే వాడతారు: మొదటి సగం బాగుండి రెండో సగం సాగదీసిన నవల, నలుగురు బాగా ఆడి మిగతావాళ్లు తేలిపోయిన మ్యాచ్. ఇది తప్పు వాడకం అని గొడవపడేవాళ్లు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉన్నారు. నాకు ఆ గొడవ అనవసరం అనిపిస్తుంది, భాష అలాగే నడుస్తుంది. కానీ పాత అర్థం ఇంకా చావలేదు, అది గుర్తుంచుకోవాలి.

ఎందుకంటే ఒకసారి విశాఖ నుంచి ఒక పరిశోధకురాలి వ్యాసం మీద రివ్యూయర్ మొదటి వాక్యంలోనే ఈ మాట రాశారు. ఆమె ఫోన్ చేసి, "కొంత బాగుందనే కదండీ అర్థం? చిన్న చిన్న మార్పులు చేసి పంపేస్తాను" అన్నారు. కింది పేరా ఒకసారి చదవమన్నాను. అందులో పరిచయం చక్కగా ఉందని, బొమ్మలు స్పష్టంగా ఉన్నాయని రాసి, శాంపిల్ ఎంచుకున్న తీరులోనే లోపం ఉంది కాబట్టి ఫలితాలేవీ నిలబడవని తేల్చేశారు. అంటే చెడు ఒక మూలనే ఆగలేదు, మొత్తానికి పాకింది. కార్టూన్ కథ చెప్పాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే డేటా దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలండీ" అన్నారు. అలాగే చేశారు.

కాబట్టి మీరు చదివేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: చెప్పిన లోపాన్ని తీసేస్తే మిగతాది నిలబడుతుందా? నిలబడితే కొత్త అర్థం. నిలబడకపోతే పాత అర్థం, అంటే అది మర్యాద తొడిగిన తిరస్కారం. మీరు చదివిన సమీక్షలో ఏ అధ్యాయాలు బాగున్నాయో పేరు పెట్టి చెప్పి ఉంటే సమీక్షకుడు ఆ పుస్తకాన్ని నిజంగానే కొంత మెచ్చుకున్నట్టు.

మీరు రాయాల్సి వస్తే మాత్రం 'మిక్స్‌డ్ బ్యాగ్' వాడండి. అది వేటగాళ్ల మాట, రకరకాల పిట్టలు, కుందేళ్లు కలిసి ఉన్న వేట సంచీ. అందులో ఎవరినీ వెక్కిరించడం లేదు, అమెరికాలోనైనా ఇండియాలోనైనా అందరికీ తెలుస్తుంది. 'క్యూరెట్స్ ఎగ్' బ్రిటన్ బయట చాలామందికి తెలియదు. పైగా మీ పై అధికారి పని గురించి మెయిల్‌లో ఆ మాట వాడారనుకోండి, ఆయనకు ఈ కార్టూన్ తెలిసుంటే ఇబ్బందే.